కూరగాయలకు మట్టిని బాగుచేసుకోవడం: కుండీ మట్టి సంగతి వేరు, పెరటి నేల సంగతి వేరు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. హైదరాబాదు శివారులో కొత్తగా కట్టుకున్న ఇల్లు. మిద్దెపై గ్రోబ్యాగులలో (మొక్కలు పెంచే సంచులలో) ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), వర్మీకంపోస్టు సమపాళ్లలో కలిపి వేసిన టమాట, వంగ మొదటి పంటలో చక్కగా కాచాయి. రెండో పంటలో ఆకులు పసుపుబారి, మొక్కలు గిడసబారిపోయాయి. సంచిలో మట్టి మూడోవంతు వరకు కిందికి దిగిపోయింది, పోసిన నీరు పైనే నిలుస్తోంది. ఇంటి వెనుక ఉన్న 15 చదరపు మీటర్ల పెరట్లోనైతే ఏ మొక్కా నిలదొక్కుకోవడం లేదు. రెండింటికీ ఏ ఎరువు ఎంత వేయాలని అడిగారు.

ఎరువు ప్రశ్నను కొంతసేపు పక్కన పెట్టమని నా మనవి. మీరు వర్ణించిన లక్షణాలలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఆకుల పసుపు రంగు కాదు, నీరు పైన నిలవడం. వేరు కూడా ఊపిరి పీల్చుకుంటుంది. మట్టి కణాల మధ్య సందులలో ఉండే గాలి నుంచి అది ప్రాణవాయువు తీసుకుని, ఆ శక్తితోనే నీటినీ పోషకాలనూ లోపలికి లాగుతుంది. మంచి తోట నేలలో దాదాపు సగం పరిమాణం సందులే ఉంటాయి. నీరు పెట్టి, మిగులు నీరు దిగిపోయాక ఆ సందులలో కొంత నీటితో, కొంత గాలితో నిండి ఉండాలి. సందులు పూడుకుపోయిన మట్టిలో నత్రజని, ఇనుము ఎంత ఉన్నా వేరు వాటిని తీసుకోలేదు కాబట్టి ఆకు పసుపుబారుతుంది. పసుపు చూసి మనం మరింత ఎరువు వేస్తాం, ఊపిరాడని వేరు చుట్టూ ఇప్పుడు లవణాలు కూడా పేరుకుంటాయి. మట్టికి ముందుగా కావలసినది గుల్లదనం, ఆ తరువాతే బలం. మీ రెండు సమస్యలకూ మూలం ఇదొక్కటే, కానీ దాన్ని సరిచేసే పద్ధతి కుండీలో ఒకటి, నేలలో మరొకటి.

మొదట కుండీల సంగతి చూద్దాం. పెరటి నేలలో పడిన నీటిని కింది నేల పొరలు లోతుకు లాక్కుంటూ ఉంటాయి. కుండీలో కింద ఏమీ లేదు, అడుగు రంధ్రం దగ్గర మట్టి అంతమైపోతుంది. సన్నని సందులు నీటిని పట్టి ఉంచే బలం, నీటిని కిందికి లాగే బరువుతో సమానమయ్యే ఎత్తు వరకు కుండీ అడుగున మట్టి పూర్తిగా తడిసే ఉంటుంది, రంధ్రాలు ఎన్ని ఉన్నా ఆ నీరు బయటికి రాదు. ఈ తడి పొర ఎత్తు కుండీ లోతును బట్టి మారదు, మట్టి కణాల పరిమాణాన్ని బట్టి మారుతుంది. కణాలు ఎంత సన్నగా ఉంటే తడి పొర అంత ఎత్తుగా నిలుస్తుంది. లోతు తక్కువ తొట్టెలో మట్టిలో ఎక్కువ భాగం ఈ పొరలోనే ఉండిపోతుంది. అందుకే పొలంలో బంగారంలాంటి పంటనిచ్చే మట్టిని తెచ్చి కుండీలో నింపితే అది మొక్కను ముంచేస్తుంది.

అడుగున గులకరాళ్లో పెంకులో పరిస్తే నీరు బాగా పోతుందని చాలామంది నమ్ముతారు. జరిగేది అందుకు విరుద్ధం. సన్నని మట్టి నుంచి పెద్ద ఖాళీలున్న రాళ్లలోకి నీరు తేలిగ్గా దిగదు, కనుక తడి పొర రాళ్ల మీదికి జరుగుతుంది, వేరుకు దొరికే గాలి గల మట్టి ఆ మేరకు తగ్గిపోతుంది. రంధ్రం దగ్గర మట్టి జారిపోకుండా ఒక పెంకు ముక్కో, కొబ్బరి పీచు పలకో పెడితే చాలు. రాళ్లకు ఇచ్చే స్థలాన్ని మంచి మిశ్రమానికే ఇవ్వండి.

మీ మట్టి మూడోవంతు కుంగడానికి కారణం మీరు కలిపిన పాళ్లలోనే ఉంది. వర్మీకంపోస్టు దాదాపు పొడిలాగా ఉండే పదార్థం. మన ఎండలకు అది వేగంగా విచ్ఛిన్నమై తరిగిపోతుంది. సూక్ష్మజీవులు తట్టుకోగల మేరకు ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ వాటి పని దాదాపు రెండింతలవుతుంది. కోకోపీట్ కొంత కాలం నిలుస్తుంది గాని, బజారులో దొరికే ఇటుకలలో చాలాభాగం సన్నని పొట్టే, అందులో పీచూ ముక్కలూ తక్కువ. అది కూడా నలిగి మరింత సన్నబడుతుంది. మిగిలిన ఎర్రమట్టిలోని బంక కణాలు నీరు పోసిన ప్రతిసారీ కిందికి జారి సందులను పూడుస్తాయి. మొదటి పంటకు గుల్లగా ఉన్న మిశ్రమం రెండో పంటకు బిగుసుకుపోవడం సహజమే. సమపాళ్ల సూత్రం పూర్తిగా తప్పని అనను. అందులో లోపించినది, కుళ్లకుండా నిలిచి సందులను కాపాడే గరుకు పదార్థం.

పరిమాణం లెక్కన, అంటే తూకంతో కాక బక్కెట్టుతో కొలిచి, నేను సూచించే మిశ్రమం ఇది: ఎర్రమట్టి 3 పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు లేదా ఇంటి కంపోస్టు 3 పాళ్లు, కోకోపీట్ 2 పాళ్లు, గరుకు పదార్థం 2 పాళ్లు. గరుకు పదార్థంగా కాల్చిన వరి ఊక, కొబ్బరి చిప్స్ (కొబ్బరి డొక్క ముక్కలు), పెర్లైట్ (వేడికి పొంగించిన తేలికైన తెల్లని రాతి గుళికలు), కడిగిన ముతక ఇసుక వంటి వాటిలో మీకు దగ్గరగా దొరికేది వాడవచ్చు. కాల్చిన ఊక అంటే నల్లగా, గింజ ఆకారం చెడకుండా ఉన్న బొగ్గు ఊక అని అర్థం చేసుకోండి. ఇటుక బట్టీల దగ్గర దొరికే తెల్లని ఊక బూడిద వేరు, అది సన్నగా ఉండి సందులను పూడ్చడమే కాక క్షార గుణాన్ని పెంచుతుంది. పచ్చి ఊక, రంపపు పొట్టు మట్టిలో కలపవద్దు. వాటిలో కర్బనం చాలా ఎక్కువ, నత్రజని చాలా తక్కువ. వాటిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ఆ లోటును మట్టిలోని నత్రజనితోనే పూరించుకుని మొక్కను పస్తు పెడతాయి. వాటిని కంపోస్టు గుంటలో వేసి మాగిన తరువాతే వాడాలి. ముతక ఇసుక వాడేటట్లయితే సముద్రపు ఇసుక ఎన్నడూ వద్దు. రోబో శాండ్‌ను (రాతిని పిండిచేసి తయారుచేసే ఇసుకను) నాలుగైదు సార్లు కడిగి, దుమ్ము పోగొట్టి, జల్లెడపై మిగిలిన గరుకునే తీసుకోవాలి.

కోకోపీట్ విషయంలో ఒక జాగ్రత్త. 5 కిలోల దిమ్మె నానితే 70 లీటర్లకు పైగా అవుతుంది కనుక చౌకగానే అనిపిస్తుంది, కాని సరిగా కడగని సరుకులో సోడియం, పొటాషియం లవణాలు ఉంటాయి. ఒక రాత్రి నానబెట్టి, గోనెసంచిలో వేసి, పూర్తిగా వడకట్టి, ఇలా రెండు మూడు సార్లు చేయండి. పిండిన నీరు కాఫీ రంగు నుంచి లేత టీ రంగుకు రావాలి. కడిగాక కూడా కోకోపీట్ సున్నాన్ని, మెగ్నీషియాన్ని కొంత పట్టి ఉంచుకుంటుంది. మట్టి, ఎరువు కలిసిన మిశ్రమంలో ఆ లోటు పెద్దగా కనిపించదు. కోకోపీట్‌నే ప్రధానంగా వాడేవారు మాత్రం కాల్షియం నైట్రేటు ద్రావణంలో నానబెట్టుకోవాలి.

మిశ్రమం సిద్ధమయ్యాక ఒక చిన్న పరీక్ష చేయండి. ఒక సంచి నింపి, ఒకసారి తడిపి, అణగనిచ్చి, మళ్లీ రెండు లీటర్ల నీరు పోయండి. పైన నిలిచిన నీరు ఒక నిమిషంలోపు మట్టిలోకి దిగిపోయి, కొద్దిసేపట్లో అడుగు నుంచి కారడం మొదలుకావాలి. అంతకన్నా ఆలస్యమైతే గరుకు పదార్థం ఇంకో పాలు కలపాలి. పోసిన నీరంతా క్షణంలో కారిపోయి మట్టి తడవకపోతే ఎరువు పెంచాలి. ఏ సూత్రమైనా ఈ పరీక్షకు లోబడే ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే ఒక్కొక్కరికి దొరికే ఎర్రమట్టి ఒక్కొక్క రకంగా ఉంటుంది.

పాత మట్టిని పారేయకండి. అది పాడైపోలేదు, అలసిపోయింది. వేసవిలో పంట తీసేశాక సంచులను ఒక పట్టా మీద గుమ్మరించి, గడ్డలు చిదిపి, ముదురు వేర్లను ఏరివేయండి. వేర్లను పారేసే ముందు వాటిని జాగ్రత్తగా చూడండి. టమాట, వంగ, బెండ వేర్లపై ముడులు ముడులుగా ఉబ్బులుంటే అవి వేరుబుడిపె నులిపురుగులు. చిక్కుడు జాతి మొక్కల వేర్లపై ఉండే గుండ్రని బుడిపెలు వేరు, అవి గోటితో గీరితే ఊడివస్తాయి, లోపల గులాబి రంగులో ఉంటాయి, నత్రజనిని స్థిరీకరించి మేలు చేస్తాయి. నులిపురుగుల ముడులు ఊడవు, వేరే ఉబ్బి ముడిలాగా మారుతుంది. అవి కనిపిస్తే వేర్లను కంపోస్టులో వేయకుండా కాల్చివేయాలి.

ఆ తరువాత మట్టిని తడిపి, నేల మీద అర అడుగు మందాన పరిచి, 25 నుంచి 50 మైక్రాన్ల పారదర్శక పాలిథీన్ పట్టా కప్పి, అంచులు గాలి చొరబడకుండా మట్టితో మూసి, ఏప్రిల్, మే నెలల ఎండలో 4 నుంచి 6 వారాలు ఉంచండి. నల్ల పట్టా కన్నా పారదర్శక పట్టాయే మంచిది, ఎండ దాని గుండా మట్టికి చేరి వేడి లోపల నిలుస్తుంది. తడి లేకపోతే ఈ పద్ధతి పనిచేయదు. నులిపురుగులు, ఎండుతెగులు కలిగించే శిలీంధ్రాలు, కలుపు విత్తనాలు దీనితో గణనీయంగా తగ్గుతాయి, పూర్తిగా పోతాయని మాత్రం అనుకోవద్దు. మేలు చేసే సూక్ష్మజీవులు కూడా కొంత తగ్గుతాయి కాబట్టి వెంటనే వాటిని తిరిగి ఇవ్వాలి. ఇందుకు 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి (తెగుళ్ల శిలీంధ్రాలను అణచే మేలు శిలీంధ్రం) పొడి కలిపి, తేమ చల్లి, నీడలో గోనెపట్టా కప్పి వారం పది రోజులు ఉంచి వాడడం మన ప్రాంతంలో రైతులకు బాగా తెలిసిన పద్ధతి. మీకు పదోవంతు సరిపోతుంది: 9 కిలోల ఎరువు, 1 కిలో వేపపిండి, 200 గ్రాముల ట్రైకోడెర్మా.

పాత మట్టి 3 పాళ్లకు ఈ ఎరువు, కంపోస్టు కలిపి 1 పాలు, గరుకు పదార్థం అర పాలు చేర్చండి. విడిగా వేపపిండి వేసేటట్లయితే 20 లీటర్ల సంచికి 50 గ్రాములు మించనవసరం లేదు. వేసిన వెంటనే విత్తితే కుళ్లే వేడికి లేత వేర్లు దెబ్బతింటాయి కనుక, తేమ ఉంచి రెండు వారాలు ఆగాలి. ఇంకొక మాట: టమాట, వంగ, మిరప, బంగాళాదుంప ఒకే కుటుంబం. వాటి తెగుళ్లూ నులిపురుగులూ ఉమ్మడివే. వాటి తరువాత అదే సంచిలో గోరుచిక్కుడు, తోటకూర, మెంతి, ముల్లంగి వంటివి వేయండి. నులిపురుగులున్న సంచులలో ఒక పంటకాలం బంతి వేస్తే మంచిది.

మీరు నీటి సంగతి రాయలేదు, కాని శివారు ఇళ్లలో ఎక్కువగా బోరు నీరే వాడతారు. కుండీల అంచున తెల్లని పొర పేరుకుంటుంటే మీ నీటిలో సున్నపు లవణాలు ఎక్కువని గ్రహించండి. బైకార్బనేట్లున్న నీరు ఏడాదిపాటు పోస్తే ఎంత మంచి మిశ్రమమైనా క్షారం వైపు జరుగుతుంది, అప్పుడు ఇనుము, జింకు, భాస్వరం మట్టిలో ఉండి కూడా మొక్కకు అందవు. నెలకోసారి సంచి పరిమాణానికి రెట్టింపు నీరు నెమ్మదిగా పోసి లవణాలను అడుగు నుంచి కడిగివేయండి. వర్షాకాలంలో ఆ పని వాన చేస్తుంది, అందుచేత కుండీలను వానకు దాచకండి. ఆర్.ఓ. యంత్రం వదిలే నీటిని మొక్కలకు పోసే అలవాటు ఉంటే ఈ రోజే మానేయండి. అది నీటిపొదుపుగా తోచవచ్చు గాని, యంత్రం తాగునీటి నుంచి వేరుచేసిన లవణాలన్నీ అందులోనే ఉంటాయి. ఇల్లు తుడవడానికి వాడుకోండి.

బరువును గురించి కూడా చెప్పక తప్పదు. మనుషులు తిరిగే చదును పైకప్పులకు భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 875 రెండో భాగం చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే సుమారు 150 కిలోల అదనపు భారాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. తడిసిన ఎర్రమట్టి ఘనపు మీటరుకు 1.8 టన్నుల దాకా తూగుతుంది. అడుగు మందాన పరిస్తే చదరపు మీటరుకు 500 కిలోలు దాటుతుంది. పైన చెప్పిన మిశ్రమం తేలికే అయినా, తడిసినప్పుడు అడుగు మందానికి 300 కిలోల పైమాటే. సంచులను గోడలు, దూలాలు ఉన్న చోట్లకు దగ్గరగా, మధ్య మధ్య ఖాళీ వదిలి పెట్టండి. శాశ్వత మళ్లు కట్టాలనుకుంటే ముందు ఇంజనీరుకు చూపించండి.

ఇక పెరడు. కొత్త ఇళ్ల వెనుక నేల చాలాచోట్ల నేల కాదు. పునాదులు తీసినప్పుడు పైకి వచ్చిన అడుగు మట్టి, ఎత్తు కోసం లారీలతో పోయించిన మొరం, దాని మీద సిమెంటు, ఇటుక ముక్కలు, వాటన్నిటినీ తొక్కి గట్టిపరిచిన జేసీబీ చక్రాలు. ఎన్నో ఏళ్ల ఆకులు, వేర్లు, వానపాములు కలిసి తయారుచేసిన పై అర అడుగు మట్టి ఆ పనుల్లో అడుగునెక్కడో కప్పబడిపోతుంది. ఇల్లు కట్టేముందు ఆ పైమట్టిని ఒక మూలన కుప్ప పోయించి దాచుకొమ్మని కట్టబోయే ప్రతివారికీ నేను చెబుతుంటాను. ఖర్చు లేని ఆ పని చేయకపోతే, దాని బదులు మట్టిని పునర్నిర్మించడానికి ఏళ్లు పడుతుంది.

మీరు మూడు చిన్న పరీక్షలతో మొదలుపెట్టండి. మొదటిది నీటి గుంట: అడుగు వెడల్పు, అడుగు లోతు గుంట తవ్వి, నీటితో నింపి, ఇంకిపోయాక మళ్లీ నింపి, గంటకు ఎంత దిగిందో కొలవండి. గంటకు 2.5 సెంటీమీటర్ల కన్నా తక్కువ దిగితే అడుగున గట్టి పొర ఉన్నట్లే. రెండోది సీసా పరీక్ష: గాజు సీసాలో మూడోవంతు మట్టి, మిగతా నీరు, చిటికెడు బట్టల సబ్బు పొడి వేసి బాగా కుదిపి కదల్చకుండా ఉంచండి. ఇసుక ఒకటి రెండు నిమిషాల్లో, ఒండ్రు కొన్ని గంటల్లో, బంకమన్ను ఒక రోజు దాటాక అడుగుకు చేరుతాయి; పొరల మందం చూస్తే మీ మట్టి స్వభావం తెలుస్తుంది. మూడోది, ఎండిన మట్టి మీద కాస్త వెనిగర్ చుక్కలు వేయడం. బుడగలు పొంగితే సున్నం ఉంది. సిమెంటు గచ్చు ముక్కలున్న చోట ఇది తప్పక కనిపిస్తుంది, వాటిని చేతితో ఏరివేయడం కన్నా మరో మార్గం లేదు.

నీరు ఇంకకపోతే, ఒక మంచి వాన తరువాత మట్టి మరీ తడిగా కాక, చేతిలో ముద్దకట్టి వేలితో నొక్కితే విరిగేంత తేమతో ఉన్నప్పుడు, గడ్డపారతో అడుగున్నర లోతు వరకు పెకలించండి. బురదగా ఉన్నప్పుడు తవ్వితే ఉన్న సందులు కూడా మూసుకుపోతాయి. పెద్ద రాళ్లు తీసివేసి, 5 సెంటీమీటర్ల మందాన మాగిన ఎరువు పరిచి, పై 20 సెంటీమీటర్ల మట్టిలో కలిపి, మూడు అడుగుల వెడల్పున, అర అడుగు ఎత్తున మళ్లు కట్టండి. నడక కాలువల్లోనే ఉండాలి, మడి మీద కాలు పెట్టకూడదు. మొరం మరీ రాతిగా ఉంటే బయటి నుంచి పొలం మట్టి తెప్పించవచ్చు. దానిని మొరం మీద పొరగా పోయకుండా, మొదటి కొంత మట్టిని పెకలించిన మొరంలో కలిపి, మిగతాది పైన వేయండి. లేకపోతే రెండు పొరల హద్దు దగ్గర నీరు ఆగిపోతుంది.

బయటి మట్టి తెప్పించేటప్పుడు ఎర్రదా నల్లదా అనే ప్రశ్న వస్తుంది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ప్రాంగణంలో ఈ రెండు రకాల నేలలూ ఒకే కంచె లోపల ఉన్నాయి. 1972లో ఏర్పడిన ఆ సంస్థ రెండింటి మీదా పరిశోధనలు చేస్తూ వచ్చింది. ఎర్ర చల్కా నేల నీటిని త్వరగా వదిలేస్తుంది, సేంద్రియ పదార్థం తక్కువ, వాన దెబ్బకు పైన పెచ్చు కడుతుంది, ఆ పెచ్చును చీల్చుకుని లేత మొలక రాలేదు. నల్లరేగడి నీటినీ పోషకాలనూ బాగా పట్టి ఉంచుతుంది, కాని తడిస్తే ఉబ్బి మూసుకుపోతుంది, ఎండితే నోళ్లు తెరుచుకుని వేర్లను తెంపుతుంది. చల్కా నేలకు చెరువు పూడిక మంచి మందు. తెలంగాణలో 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో చెరువుల పూడికను రైతులు పొలాలకు తోలుకున్నది ఇందుకే. అయితే నగరంలో మురుగూ కర్మాగారాల వ్యర్థాలూ చేరే చెరువుల పూడికను తినే పంటలకు ఎట్టి పరిస్థితిలోనూ వాడవద్దు, భార లోహాలు ఒకసారి మట్టిలో చేరితే తీసే దారి మన చేతుల్లో ఉండదు. పూడికను కుండీల్లోకి కూడా తేకండి, అక్కడ దాని బంక గుణమే శత్రువు.

రేగడిని గుల్లపరచడానికి ఇసుక కలపమని సలహా ఇస్తుంటారు. కొద్దిపాటి ఇసుక పెద్ద సందులు సృష్టించదు, బంకమన్ను ఇసుక రేణువుల మధ్య నిండి మరింత గట్టిపడుతుంది. సగానికి పైగా ఇసుక పోస్తే తప్ప స్వభావం మారదు. ఏ నేలకైనా పనిచేసేది సేంద్రియ పదార్థమే. అది కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు విడుదల చేసే జిగురు సన్నని కణాలను చిన్న చిన్న గింజలుగా కట్టి, గింజల మధ్య గాలికి దారి ఇస్తుంది. ఎర్రనేలలో అది నీటిని పట్టి ఉంచుతుంది, రేగడిలో నీటిని వదిలిస్తుంది.

ఎంత వేయాలి? పొలాలకు సాధారణంగా ఎకరాకు 10 టన్నుల పశువుల ఎరువు సిఫారసు చేస్తారు, అంటే చదరపు మీటరుకు రెండున్నర కిలోలు. ప్రాణమున్న నేలకు ఆ మోతాదు ప్రతి పంటకూ చాలు. చచ్చిన మొరానికి మొదటి ఏడాది పైన చెప్పిన 5 సెంటీమీటర్ల పొర కావాలి. ఆ తరువాత పంట పంటకూ 2, 3 కిలోలు వేస్తూ పోవాలి, ఎందుకంటే మన వేడిలో సేంద్రియ పదార్థం నిలవ ఉండదు. ఏడాదికోసారి బండెడు ఎరువు వేసి ఊరుకోవడం కన్నా పంట పంటకూ కొద్దికొద్దిగా వేయడమే మేలు. పెంట కుప్పల నుంచి తెచ్చేటప్పుడు చెయ్యి లోపలికి పెట్టి చూడండి. వేడిగా ఉన్నా, పేడ వాసన వస్తున్నా అది ఇంకా మాగలేదు. పచ్చి పేడతో వేరుపురుగు, చెదలు, కలుపు విత్తనాలు వెంట వస్తాయి.

కొన్న ఎరువు మీదే ఆధారపడకుండా నేలలోనే పెంచుకునే మార్గం పచ్చిరొట్ట. తొలకరికి పెరడంతా జీలుగ చల్లండి. నీరు నిలిచినా, కాస్త క్షారమున్నా తట్టుకుని, దాని వేర్లు గట్టి నేలలోకి దూసుకుపోతాయి. 40, 45 రోజులకు పూత మొదలవుతుండగా కోసి, ముక్కలు చేసి, మట్టిలో కలియదున్ని, రెండు వారాలు ఆగి కూరగాయలు నాటుకోవచ్చు. నీరు నిలవని చోట జనుము, పిల్లిపెసర వేయవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు తొలకరికి ముందే పలు రకాల విత్తనాలను నవధాన్యాలుగా కలిపి చల్లుతున్నారు. మీ పెరటికి కూడా అలా ధాన్యం, పప్పు, నూనె గింజలు కలిపి చల్లుకోవడం మంచిదే, ఒక్కో వేరు ఒక్కో లోతుకు పోతుంది. కంచె వెంట రెండు గ్లైరిసీడియా కొమ్మలు నాటితే ఏడాది పొడవునా నత్రజని నిండిన ఆకు దొరుకుతుంది. వీధిలో ఊడ్చి కాల్చేసే రాలుటాకులను చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. వాటిని సంచులకెత్తి తెచ్చుకోండి. ఒక పాలు వంటింటి చెత్తకు రెండు పాళ్లు ఎండుటాకుల చొప్పున వేస్తే వాసన లేని కంపోస్టు అవుతుంది, మిగిలినవి మళ్ల మీద మూడు వేళ్ల మందాన కప్పితే వేసవిలో నేల చల్లగా ఉండి, వానకు పెచ్చు కట్టదు.

జీవామృతం వాడాలా అని చాలామంది అడుగుతారు, మీరూ అడగబోతారని ఊహిస్తున్నాను. వాడండి, కాని దాన్ని ఎరువుగా లెక్కించకండి. 200 లీటర్ల నీటిలో 10 కిలోల పేడ, దాదాపు అంతే మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పు పిండి కలిపితే ఎకరాకు చేరే పోషకాలు స్వల్పమే. దాని ఉద్దేశం మట్టిలోని జీవాన్ని కదిలించడం. ఆ జీవానికి తినడానికి ఆకు, పేడ, వేరు మట్టిలో ఉన్నప్పుడే అది ఫలిస్తుంది. ఖాళీ మొరం మీద పోస్తే ప్రయోజనం ఉండదు.

ఎముకల పొడి మీ నీటికి, మీ మట్టికి అంత పనికిరాదు, ఉదజని సూచిక (పీహెచ్) 7 దాటిన మట్టిలో దానిలోని భాస్వరం కరగదు. కట్టెల బూడిద క్షారం, సున్నమున్న నేలకు వద్దు. గుడ్డు పెంకులు కరగడానికి ఏళ్లు పడుతుంది. టమాట కాయ అడుగు నల్లబడి కుళ్లితే అది చాలావరకు మట్టిలో సున్నం లేక కాదు, నీరు ఒక రోజు ఎక్కువ, మూడు రోజులు లేకుండా పెట్టడం వల్ల సున్నం కాయ దాకా చేరక. జిప్సం సోడియం ఎక్కువైన కారు చౌడుకు మందు, తెల్లని లవణం పైకి వచ్చే పాల చౌడును మంచి నీటితో కడగాలి. పరీక్ష లేకుండా జిప్సం వేయవద్దు.

ఇప్పుడు మీ పసుపు ఆకుల దగ్గరికి వస్తాను. కింది ముదురాకులు ముందుగా పసుపుబారితే నత్రజని తక్కువ. చిగురాకులు పసుపుబారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు. ఇనుము లోపానికి తాత్కాలికంగా లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేటు), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి, ఎండ తగ్గాక వారం వ్యవధిలో రెండు సార్లు పిచికారీ చేయండి. నత్రజనికి పైపాటుగా సంచికి రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు, పది రోజులకోసారి నానబెట్టి వడగట్టిన వేపపిండి లేదా వేరుశనగ పిండి నీరు సరిపోతుంది. ఇవి ఇప్పుడున్న పంటను గట్టెక్కించడానికి మాత్రమే, సంచి మట్టిని మార్చే పనిని వేసవికి తప్పించవు.

పెరటి మట్టికి ఒకసారి ప్రయోగశాల పరీక్ష చేయించండి. ఆరేడు చోట్ల పైచెత్త తొలగించి, ఆంగ్ల అక్షరం వి ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, గోడ వెంట సమంగా మట్టి గీకి, అన్నీ కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు ఉంచుకుంటూ అరకిలోకు తగ్గించి, నీడలో ఆరబెట్టి ఇవ్వాలి. ఎరువు వేసిన వెంటనే తీయకూడదు. 2015లో వచ్చిన నేల ఆరోగ్య పత్రం పథకంలో చూసే 12 అంశాలలో మీరు మొదట మూడు చూడండి: ఉదజని సూచిక 6.5, 7.5 మధ్య ఉందా, లవణ పరిమాణం (ఈ.సి.) మీటరుకు 1 డెసీసీమెన్ కన్నా తక్కువ ఉందా, సేంద్రియ కర్బనం ఎంత. కర్బనం 0.5 శాతం కన్నా తక్కువైతే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ అని లెక్క. మీ నేలలో అది చాలా తక్కువే ఉంటుందని నా అంచనా. బోరు నీటిని కూడా ఒక సీసాలో అదే ప్రయోగశాలకు ఇవ్వండి, నీటి ఫలితం తెలియకుండా మట్టి ఫలితాన్ని సరిగా అర్థం చేసుకోలేం.

జీలుగ కలియదున్నిన మొదటి పంటకాలంలో పెరట్లో టమాట పెట్టాలని తొందరపడకండి. తోటకూర, బెండ, గోరుచిక్కుడు, పందిరికి బీర వేయండి, ఇవి కొంత గట్టి నేలను కూడా ఓర్చుకుంటాయి. ఆ పంట అయ్యాక నీటి గుంట పరీక్ష మళ్లీ చేసి, గంటకు దిగే నీరు పెరిగితే శీతకాలానికి టమాట, వంగ నారు పోసుకోవచ్చు. పెరగకపోతే ఆ మళ్లలో మరోసారి పచ్చిరొట్టే వేయండి, టమాటను ఆ ఏడాదికి మిద్దె మీదే ఉంచండి.